గృహవక్తల ఎంపిక

కాకినాడలోని ప్రశాంతి ఎన్‌క్లేవ్ ప్రశాంతి ప్రాంగణంగా మారిన ఏడాదే అక్కడి లిఫ్టు పేరు 'ఆరోహణి' అయింది. ఆరోహణి అన్నాక పైకి మాత్రమే వెళ్లాలి, కిందికి దించడం పేరుకు విరుద్ధం అని మూడో అంతస్తు పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఆయన మాటకు విలువిచ్చి 'ఆరోహణావరోహణి' అని కొత్త బోర్డు రాయించారు. ఆ బోర్డు వెడల్పుకి పక్కనున్న బటన్ మూసుకుపోయింది. అప్పటినుంచి అందరూ మెట్లెక్కుతున్నారు. అది ఆరోగ్యానికి మంచిదని సంఘం తీర్మానం కూడా చేసింది.

వాచ్‌మన్ అప్పన్న ద్వారపాలకుడయ్యాడు. జీతం పెరగలేదు గానీ మీసం పెంచాడు.

ఇదంతా సంఘం కార్యదర్శి సోమయాజులుగారి చలవ. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఇంగ్లీషులో ఉన్న అపార్టుమెంటు నిబంధనలన్నిటినీ అచ్చంగా తెలుగు చేస్తానని నడుం కట్టారాయన. అధ్యక్షులు పట్టాభిరామయ్యగారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి వచ్చినవారు. ఆయనకు భాష ఏదైనా ఒకటే, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలు.

వీళ్లిద్దరినీ చూసి నవ్వుకునే హక్కు రెండో అంతస్తు హైమవతికి మాత్రం లేదు. ఈ కథకు మూలమైన నిబంధన రాసిచ్చింది ఆవిడే.

హైమవతి బి.ఎ. చదివింది. గోడమీద పటం గోరంత వంకరగా ఉన్నా ఆవిడకు అన్నం సహించదు. కొత్తిమీర కట్ట విప్పి, లోపలి ఆకులు చూసి, మళ్లీ కట్టి, "వద్దులే బాబూ" అని ఇచ్చేస్తుంది. రైలు వచ్చే సమయానికి ఆవిడ స్టేషన్లో రెండోసారి టీ తాగుతూ ఉంటుంది. "అన్నీ ఇంత చూసి ఎంచుతావు కదా, నన్ను ఎంచుకున్న రోజు నీ కళ్లజోడు ఎక్కడ పెట్టావు?" అని భర్త ప్రభాకరం అడుగుతుంటాడు. "అప్పటికింకా కళ్లజోడు రాలేదండీ" అంటుంది ఆవిడ, నవ్వకుండా.

పై ఫ్లాటులో కొత్తగా దిగిన కుర్రాడు పాటల్లో మోత పెంచే ఊఫర్ కొన్నాడు. అది దడదడలాడినప్పుడల్లా హైమవతి వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు తమలో తాము మాట్లాడుకునేవి. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు ఒక నిబంధన రాసి సంఘానికి ఇచ్చింది. 'ప్రాంగణవాసులెవరైనా స్పీకర్లు కొనదలిస్తే, కొనే ముందే సంఘం వాటిని విని, పరీక్షించి, తగినవని ఆమోదించవలెను.' రాశాక పైకి చదువుకుని చూసుకుంది. ఎక్కడా కామా కూడా తప్పు లేదు. తన తెలివికి తనే కొంచెం మురిసింది.

సోమయాజులుగారు 'స్పీకర్లు' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

"తెలుగులో దీనికి మాట లేదనుకున్నావా అమ్మా? స్పీకర్ అంటే వక్త. ఇంట్లో వాడేది కాబట్టి గృహవక్త."

"వక్త అంటే మనిషి కదండీ మాస్టారూ?"

"పలికేది ఏదైనా వక్తే. చిలక వక్త కాదా?"

హైమవతికి ఆ మాట నచ్చలేదు. కానీ నిబంధన నెగ్గితే చాలు, మాటదేముంది అనుకుని ఊరుకుంది. జీవితంలో ఆవిడ ఒక మాటను సరిదిద్దకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

అసలు దోషి పై ఫ్లాటు కుర్రాడు అందులో చిక్కనేలేదు. ఊఫ్ అంటే కుక్క మొరుగు కనుక, సోమయాజులుగారి లెక్కలో ఊఫర్ 'మొరుగుడు పెట్టె' అయింది. మొరిగేవన్నీ పెంపుడు జంతువుల అధ్యాయం కిందికి వస్తాయి. ఆ అధ్యాయం ప్రకారం రాత్రి తొమ్మిది వరకు మొరగవచ్చు. కుర్రాడు తన పెట్టెకు టీకా అవసరం లేదని పశువుల డాక్టరు చేత రాయించుకొచ్చి, నిశ్చింతగా మొరిగించుకున్నాడు. గ్లాసుల సంభాషణ సాగుతూనే ఉంది.

ఇంతలో హైమవతికే స్పీకర్లు కావలసి వచ్చాయి.

ఆవిడ కాలేజీ రోజుల్లో రేడియోలో పాడింది. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తవారింట ఆ మాట చెప్పింది. ఎంతమందితో కలిసి పాడావని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఎనిమిది మంది అమ్మాయిలు పాడిన బృందగానం అది, వానను పిలిచే పాట. కొన్నేళ్ల తర్వాత ఎవరి పెళ్లిలోనో ఆ ఎనిమిది మందిలో ఒకావిడ ఎదురుపడి, ప్రభాకరం చెల్లెలు సత్యవేణి వింటూ ఉండగానే "మనమంతా పాడాం, గుర్తుందా హైమా!" అని కావలించుకుంది.

అంతే. తణుకు నుంచి ఎప్పుడొచ్చినా సత్యవేణికి అదే పాట.

"గుంపులో గోవింద కొట్టి దాన్ని రేడియోలో పాడటం అంటావేంటి వదినా? పాడావో, పెదాలు ఆడించావో ఎవడు చూశాడు? రేడియో కదా!"

హైమవతి దగ్గర ఆ పాట కాసెట్టు ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఫోన్‌లో పెట్టి వింటే ఎనిమిది మందీ ఒకే బిందెలో తలకాయలు పెట్టి పాడినట్టుంది. లోపం ఫోన్‌దేనని ఆవిడ తీర్మానించుకుంది. తన గొంతుమీద ఆవిడకు అంత నమ్మకం. ఎనిమిది గొంతుల్లోంచి తన గొంతును విడదీసి, ఇదిగో ఇది హైమవతిది అని ఆడపడుచు చెవిలో వేసే స్పీకర్లు కావాలి. సత్యవేణి వచ్చే ఆదివారం వస్తోంది.

మెయిన్‌రోడ్డు షాపులో సేల్స్‌మన్ ఎంతో ఉత్సాహంగా ఒక హెలికాప్టర్ చప్పుడు వినిపించాడు. షాపు అద్దాలు అదిరాయి.

"చూశారా మేడమ్? నెత్తిమీదనుంచి వెళ్లినట్టు లేదూ?"

"ఉంది బాబూ. కానీ మా ఇంటికి హెలికాప్టర్ రాదు."

ఉరుము వినిపించాడు. గుర్రాలు వినిపించాడు. గాజుగ్లాసు పగలడం వినిపించి, "క్లారిటీ!" అన్నాడు. ఇంట్లో గాజుగ్లాసు పగిలితే క్లారిటీ గురించి ఆలోచించేవాళ్లు ఎవరుంటారా అనుకుంది ఆవిడ.

"వార్తలు పెట్టు" అంది.

"వార్తలా మేడమ్?"

"వార్తలే. మనిషి మాట ఎలా పలుకుతుందో వినాలి."

కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టు, హైమవతి ఒక్కో స్పీకరునూ 'శ, ష, స'ల మీద కొట్టి చూసింది. మొదటి జత 'శాసనసభ'ను 'సాసనసభ' అంది. రెండోదానిలో ప్రతి 'స' వెనకా పోపు పడ్డట్టు చుయ్యిమంది. మూడో దానిలో ఆడవాళ్లకు జలుబు చేసింది. నాలుగో జత, తెల్లచెక్క రంగులో ఉన్న రెండు చిన్న పెట్టెలు, 'విశేష సమావేశం' అన్న మాటను మూడు రకాల తేడాతోనూ అప్పగించాయి. హైమవతి కళ్లు మూసుకుని మళ్లీ పెట్టించింది. ప్రభాకరం ఫ్రిజ్‌లు చూడటం ముగించి, ఏసీలు చూడటం ముగించి, బట్టలుతికే మిషన్ మీద కూర్చున్నాడు.

తన పాట కూడా పెట్టించింది గానీ, పక్కనే ఎవరో మిక్సీ తిప్పించి చూస్తున్నారు. ఏమీ తేలలేదు.

"ఇంటికి తీసుకెళ్లి పెట్టుకుని వినండి మేడమ్. వారంలో నచ్చకపోతే తెచ్చేయండి" అన్నాడు సేల్స్‌మన్, ఆవిడను ఎలాగైనా ఇంటికి పంపాలని.

గేటు దగ్గర అప్పన్న ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆటోలో ఏంటండమ్మగారూ?"

"స్పీకర్లు అప్పన్నా."

అప్పన్న మీసం సవరించుకున్నాడు. "ఆయ్, అంటే వక్తలండీ. వక్తలొస్తే ముందు సెప్పాలని సోమయాజులుగారు మరీ మరీ సెప్పారండి. పేర్లేంటండి? ఏ ఊర్నుంచి వచ్చారండి?"

"పెట్టెలు అప్పన్నా ఇవి!"

"ఆయ్. కూర్సోబెడతానండి." రెండు పెట్టెలనూ తన గదిలో చెరో కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను వేశాడు.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సమావేశాల మినిట్స్ రాసేది ఎప్పుడూ హైమవతే, చేతిరాత బాగుంటుందని. తన కేసు తనే రాసుకోవడానికి కూర్చుంది.

"కార్యదర్శిగారూ, వక్తల విషయమై నిబంధనలు ఏమంటున్నాయి?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

సోమయాజులుగారు పుస్తకం తెరిచారు. హైమవతి నిబంధన కొత్తది. కానీ వక్తల గురించి పాత అధ్యాయం ఒకటి అంతకుముందే ఉంది, ఉగాది సభకీ జెండా పండగకీ వచ్చే ఉపన్యాసకుల కోసం రాసినది. మాట ఒకటే కనుక ఇప్పుడు రెండూ ఒకే అధ్యాయమయ్యాయి.

"వక్త తన జీవిత విశేషాలను ముందుగా సమర్పించవలెను."

హైమవతి అట్టపెట్టె మీది స్టిక్కరు చదివింది. పట్టాభిరామయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "పుట్టిన ఊరు చైనా. చదువు లేదు. అనుభవం లేదు. వారంటీ మాత్రం ఉంది. ఊఁ. ఇద్దరికీ పుట్టిన తేదీ ఒకటే ఉందేమిటి?"

"జతండీ అవి. ఒకటి ఎడమ వైపుది, ఒకటి కుడి వైపుది."

పట్టాభిరామయ్యగారు పెన్ను మూత పెట్టారు.

"అమ్మా హైమవతీ. మన సంఘం రాజకీయాలకు అతీతం. ఎడమవారినీ కుడివారినీ ఒకే ఇంట్లో పెట్టుకుని చర్చలు నడపడానికి అనుమతి ఇవ్వడం..."

"చర్చ కాదండీ. ఇద్దరూ కలిసి ఒకే పాట పాడతారు."

"ఎడమా కుడీ కలిసి ఒకే పాటా? అది మరీ ప్రమాదం."

"పైగా," అన్నారు సోమయాజులుగారు పేజీ తిప్పుతూ, "ఒకే ఇంటినుంచి ఇద్దరు వక్తలు ఏకకాలమున మాట్లాడరాదు." ఒక ఉగాదికి మైకు దగ్గర భార్యాభర్తలు పోట్లాడుకోవడంతో పెట్టిన నిబంధన అది.

"మాస్టారూ, మీకు తెలుసు కదా, ఇవి మనుషులు కావు" అంది హైమవతి.

"నాకు తెలుసమ్మా. కానీ నిబంధనకు తెలియదు. భావం చూసి నడుచుకోవడం మొదలుపెడితే ఇక భాష ఎందుకు?"

"నిబంధనలో ఏముంటే అదే," అన్నారు అధ్యక్షులు. "మీరు రాసిందేగా? విని, పరీక్షించి, ఆమోదించవలెను. ఆదివారం సభాభవనంలో పరీక్షిస్తాం. విడివిడిగా."

"ఆదివారం మా ఆడపడుచు వస్తోందండీ."

"రమ్మనండి. వక్తకు శ్రోతలు బలం."

హైమవతికి కోపం వచ్చింది. కానీ ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియక తను రాసిన నిబంధన మళ్లీ ఒకసారి చదివింది. నిజమే, కామా కూడా తప్పు లేదు.

ఆదివారం పదింటికి సభాభవనం నిండింది. ఉచితంగా పులిహోర పెడతారని ఎవరో పుకారు పుట్టించారు. సత్యవేణి ముందు వరసలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏంటన్నయ్యా, వదిన పాట వినడానికి ఇంతమందా?"

"పాట కాదమ్మా, పెట్టెల ఇంటర్వ్యూ" అన్నాడు ప్రభాకరం.

వేదిక మీద ఎర్రగుడ్డ పరిచిన బల్ల. బల్లమీద రెండు పెట్టెలు, ఒక్కోదాని ముందు మంచినీళ్ల గ్లాసు. వక్తలను ముందుగా సత్కరించవలెనని ఉంది కనుక పట్టాభిరామయ్యగారు లేచి ఎడమ పెట్టెకు శాలువా కప్పారు. అది మొత్తం మూసుకుపోయింది.

"శాలువా తీయకపోతే ఏమీ వినబడదండీ" అంది హైమవతి.

"కప్పిన శాలువా తీస్తే అవమానం కదమ్మా" అన్నారు సోమయాజులుగారు. చివరికి శాలువాను వెనక్కి జరిపి, భుజాలున్నాయనుకున్న చోట సర్దారు.

"ఎడమవైపు వక్త ప్రసంగిస్తారు" అని ప్రకటించి, అధ్యక్షులు చేతిలో గంట పట్టుకున్నారు. మాట ఎక్కువైతే కొట్టడానికి.

పాట మొదలైంది.

హైమవతి ఎన్నిక తప్పు కాలేదు. హార్మోనియం ఎంత స్వచ్ఛంగా పలికిందంటే, వాయించేవాడు మెట్ల మీద వేళ్లు మార్చడం కూడా వినబడింది. వెనకాల ఎవరో గాజులు సర్దుకున్నారు. ఎవరో ఊపిరి పీల్చారు. హార్మోనియం ఆగింది. కళ్లు మూసుకుని వింటోంది హైమవతి. ఎనిమిది గొంతులూ విడివిడిగా వినబడతాయి, వాటిలో తనది...

"వా..." అంది ఒకే ఒక్క గొంతు, ధైర్యంగా, ధాటిగా. ఆ వెంటనే ఠక్కున నోరు మూసుకుంది.

ఆ తర్వాత ఎనిమిది మందీ కలిసి చక్కగా "వాన..." అని ఎత్తుకున్నారు.

హైమవతి తన గొంతును పోల్చుకుంది. స్టూడియో కళ్లకు కట్టింది. తను ఎత్తుకున్న మరుక్షణం పాట నేర్పిన టీచరు తనవైపు కళ్లు ఇంతింత చేసి చూసింది. అది మెచ్చుకోలని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చింది ఆవిడ.

పాట అయింది. ఎవరూ ఏమీ గమనించినట్టు లేదు. సోమయాజులుగారు కళ్లు తుడుచుకున్నారు. "ఎంతకాలానికి 'ళ' సరిగ్గా పలికే వక్తను విన్నానమ్మా!" హైమవతి మెల్లగా ఊపిరి వదిలింది. గబగబా పెన్‌డ్రైవ్ మీద చెయ్యి వేసింది. "ఇక చాలండీ. అనుమతి అక్కర్లేదు, పెట్టెలు వెనక్కి ఇచ్చేస్తాను."

"అదెలా కుదురుతుంది?" అన్నారు అధ్యక్షులు. "కుడివారిని పిలిచి, శాలువా తెచ్చి, మాట్లాడనివ్వకుండా పంపడమా? ప్రాంగణం పరువు ఏం కావాలి?"

కుడి పెట్టెకు శాలువా కప్పారు. భుజాలకు జరిపారు. హార్మోనియం మొదలైంది. మొదటిసారి విన్నవాళ్లంతా ఈసారి చెవులు నిక్కించారు. హార్మోనియం ఆగింది.

"వా..."

"అదిగో మా వదిన!" ముందు వరసలో సత్యవేణి ఎగిరి లేచి నిలబడింది. చేతిసంచీ కిందపడింది. "ఒట్టు, అది మా వదినే! నా పెళ్లిలో మంగళసూత్రం కట్టకముందే అక్షింతలు వేసేసింది కూడా ఈవిడే!"

సభాభవనం ఘొల్లుమంది. పై ఫ్లాటు కుర్రాడు ఈల వేశాడు. గంట కొట్టడానికి లేచిన పట్టాభిరామయ్యగారికి గంటనాలుక ఊడి నీళ్ల గ్లాసులో పడింది.

సద్దుమణిగాక ఆయన తీర్పు చెప్పారు. హైమవతి తలొంచుకుని రాసుకుంది.

"ఎడమ వక్త ఉచ్చారణ ఉత్తమం. ఆమోదించడమైనది. కుడి వక్త, ఎడమ వక్త చెప్పిన ప్రసంగాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పగించాడు. తప్పుతో సహా అప్పగించాడు. ఇది గ్రంథచౌర్యం. తిరస్కరించడమైనది."

"ఎడమా కుడీ మాట్లాడేది ఒకటే అని మనకు తెలియందేముందండీ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అది రాయొద్దని అధ్యక్షులు సైగ చేశారు.

"ఇక పాటలో సమయానికి ముందే ఎత్తుకున్న గాయనిని, సమయపాలన నిబంధన కింద మందలించడమైనది." ఆయన తల పైకెత్తారు. "రాశారా అమ్మా?"

"రాశానండీ" అంది హైమవతి. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. 'మందలించడమైనది' అన్న మాట కింద గీత కూడా స్కేలు పెట్టి గీసింది.

ఆరోహణావరోహణి బటన్ అందదు కనుక ముగ్గురూ మెట్లెక్కారు. ముందు ప్రభాకరం, ఆమోదం పొందిన ఎడమ పెట్టెను శాలువాతో సహా ఎత్తుకుని. కుడిదాన్ని అప్పన్న తన గదిలో కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు, షాపుకు తిరిగి వెళ్లేదాకా.

మొదటి అంతస్తు మలుపులో సత్యవేణి ఆయాసంతో ఆగి వదిన చెయ్యి పట్టుకుంది. చాలాసేపు నవ్వీ నవ్వీ ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి.

"నేననుకున్నట్టు గుంపులో గోవింద కాదు వదినా. అనకూడని మాట అన్నాను."

"పోనీలే."

"పోనీలే కాదు. ఇన్నేళ్లు నేనే నోరు పారేసుకున్నాను. రేడియోలో నువ్వు నిజంగా ఒక్కదానివే పాడావు."

హైమవతి రెండు మెట్లు ఎక్కింది. గోడమీద 'మెట్లు ఎక్కుట ఆరోగ్యము' అన్న బోర్డు వంకరగా ఉంది. దాన్ని చేత్తో సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి, సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"పాడాను," అంది. "ఒక్క అక్షరం."